కుదించితే కుదరని గుడ్డ

సినిమా పాత్రల యాక్షన్ ఫిగర్లను కొని దాచుకునేవాళ్ళ నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ముందస్తుగా చూపించిన నమూనా బొమ్మ ఒంటి మీద పట్టు పట్టులా జారుతుంది, తోలు తోలులా ముడతలు పడుతుంది. నెలల తర్వాత పెట్టెలో వచ్చిన బొమ్మ ఒంటి మీద అదే దుస్తు అట్టముక్కలా నిలబడుతుంది, తోలు ఉండాల్సిన చోట రెక్సిన్ ఉంటుంది, జరీ అంచు బదులు అచ్చు వేసిన పసుపు గీత ఉంటుంది. చూపిన నమూనాకూ అమ్మే సరుకుకూ తేడా ఉండవచ్చని పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది కనుక అడిగే దారి కూడా ఉండదు. కంపెనీ డబ్బు మిగుల్చుకుందని కొన్నవాళ్ళు తేల్చేస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ డబ్బు కన్నా లోతైన కారణం గుడ్డలోనే ఉంది. మనిషి రూపాన్ని ఆరో వంతుకు, పద్దెనిమిదో వంతుకు ఎంతకైనా కుదించవచ్చు. ఆ మనిషి కట్టుకున్న గుడ్డను మాత్రం అలా కుదించలేం. ఈ సంగతిని నమూనా బొమ్మ దాచగలుగుతుంది, ఫ్యాక్టరీ బొమ్మ దాచలేదు. రెండింటి మధ్య కనిపించే తేడాలో ఎక్కువ పాలు అదే.

దీన్ని పరీక్షించడానికి అన్నిటికన్నా కఠినమైన దుస్తునే తీసుకుందాం. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం తండాల్లో పెద్ద వయసు లంబాడీ ఆడవాళ్ళు కట్టే పేట్యా (లంగా), కాంచళి (రవిక), తలమీద టుక్రి (ముసుగు గుడ్డ), వీటిని చూసినవాళ్ళకు ఆ కష్టం వెంటనే తెలుస్తుంది. ముతక నూలు గుడ్డ మీద రంగురంగుల గుడ్డముక్కల అతుకులు, వాటి మీద దట్టమైన దారపు కుట్టు, కుట్టు మధ్యలో బిగించిన అద్దాలు, అంచుల్లో గవ్వలు, బిళ్ళలు, ఊలు కుచ్చులు. ఈ దుస్తులో ఒక స్త్రీ బొమ్మను సేకరణదారుల ప్రపంచంలో బాగా చెల్లే కొలతలో, అంటే ఆరో వంతులో, చేయాలనుకుందాం. అయిదడుగుల మూడంగుళాల మనిషి దాదాపు 27 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది. ముఖం, చేతులు, కాళ్ళు, మెడలోని వెండి, ఇవన్నీ మంచి శిల్పి చేతిలో చక్కగా కుదురుతాయి. చిక్కు బట్టల దగ్గరే మొదలవుతుంది.

గుడ్డ ఎలా వేలాడుతుందన్నది రెండు బలాల పోటీ. గుడ్డ బరువు దాన్ని కిందికి లాగుతుంది, గుడ్డ బిరుసుదనం వంగనివ్వకుండా అడ్డుపడుతుంది. బ్రిటన్‌లోని షిర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎఫ్.టి. పీర్స్ 1930లో ఈ పోటీని ఒక్క అంకెతో కొలిచే పద్ధతి చెప్పాడు. గుడ్డ పట్టీని బల్ల అంచు దాటించి మెల్లగా బయటికి జరుపుతూ పోవాలి. దాని కొస సొంత బరువుకు వంగి ఒక నిర్ణీత కోణానికి దిగినప్పుడు బయటికి వచ్చిన పొడవు ఎంతో చూడాలి. ఆ పొడవు నుంచి లెక్కగట్టే అంకెను వంపు పొడవు అనుకుందాం. ఎవరైనా ఒక స్కేలు పెట్టుకుని ఇంట్లో చూసుకోవచ్చు. మెత్తని నూలు గుడ్డ కూడా రెండు మూడు సెంటీమీటర్లు బయటికి వస్తే గాని బాగా వంగదు. మనిషి ఒంటి మీద చీర కుచ్చెళ్ళ వెడల్పు, పైట జారే తీరు, లంగా ఘేరు విచ్చుకునే తీరు అన్నీ ఈ పొడవు చెప్పినట్టు నడుస్తాయి. ఇప్పుడు అదే గుడ్డను కత్తిరించి 27 సెంటీమీటర్ల బొమ్మకు కడితే దాని వంపు పొడవు మారదు. మనిషి నడుము దగ్గర వేలెడంత మడత పెట్టే గుడ్డ, బొమ్మ నడుము దగ్గర కూడా అంతే పెద్ద మడత పెడుతుంది. బొమ్మకు అది నడుమంత మడత.

అయితే పల్చని గుడ్డ వాడితే సరిపోదా అనిపిస్తుంది. ఎంత పల్చన కావాలో లెక్క వేస్తే విషయం తేలుతుంది. బొమ్మ మీద మడతలు ఆరో వంతు కావాలంటే వంపు పొడవు ఆరో వంతు కావాలి. వంపు పొడవు, బిరుసును బరువుతో భాగిస్తే వచ్చే అంకెకు ఘనమూలంగా నడుస్తుంది. కాబట్టి ఆ అంకె ఆరు ఘనం, అంటే 216 రెట్లు తగ్గాలి. ఒకే ముద్దగా ఉన్న పలకలో బిరుసు మందం ఘనాన్ని బట్టి, బరువు మందాన్ని బట్టి పెరుగుతాయి. రెండింటి నిష్పత్తి మందం వర్గాన్ని బట్టి మారుతుంది. 216కి వర్గమూలం దాదాపు 14.7. అంటే బొమ్మ ఆరు రెట్లు తగ్గితే దాని గుడ్డ దాదాపు పదిహేను రెట్లు పల్చబడాలి. మనం కట్టే గుడ్డ మందం 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే బొమ్మకు 0.02 మిల్లీమీటర్ల గుడ్డ కావాలి. ఒక్క పత్తి పీచు మందమే సుమారు అంత. నేయడానికి పడుగు మీద పేక ఎక్కాలి, ఒక్కో పోగులో పదుల కొద్దీ పీచులు పురి తిరగాలి. ఒక్క పీచంత మందంలో నేసిన గుడ్డ ఉండడానికి వీల్లేదు.

గుడ్డ ముద్దగా ఉన్న పలక కాదు కదా, అందులో పీచులు ఒకదాని మీద ఒకటి జారుతాయి కదా అని తెలిసినవాళ్ళు అడ్డు చెప్పవచ్చు. న్యాయమైన ప్రశ్న. పీచులు పూర్తిగా స్వేచ్ఛగా జారతాయని అనుకుని మళ్ళీ లెక్క వేస్తే ఫలితం ఇంకా ఇబ్బందికరంగా వస్తుంది. అప్పుడు గుడ్డ బిరుసు అందులోని పీచుల బిరుసుల మొత్తం. గుడ్డను సగం పల్చన చేస్తే బిరుసూ సగమవుతుంది, బరువూ సగమవుతుంది, నిష్పత్తి కదలదు. పల్చదనం వల్ల ఒరిగేదేమీ ఉండదు. పీచే పదిహేను రెట్లు సన్నబడాలి. పత్తి పీచు మందం 12 నుంచి 20 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బొమ్మకు ఒక మైక్రాన్ పీచు కావాలి. జిగురు తీసిన పట్టు పోగు కూడా పది మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. అసలు గుడ్డ ఈ రెండు లెక్కల మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఏ వైపు నుంచి వచ్చినా పదిహేను రెట్ల గోడ తగులుతుంది. జపాన్‌లో టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకామోటో 1970లో తెచ్చిన అతిసన్నని కృత్రిమ పీచుతోనే ఈ గోడకు కాస్త దగ్గరగా పోవడం వీలయింది. అల్ట్రాస్వీడ్ పేరుతో వచ్చిన ఆ పదార్థం, దాని కోవలోని మైక్రోఫైబర్లు, బొమ్మల మీద అసలు తోలు కన్నా తోలులా కనిపించడానికి కారణం ఇదే.

బిరుసు ఒక ఎత్తు, నేత కంటికి కనిపించడం ఇంకో ఎత్తు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో చేతితో వడికే సన్న ఖాదీని తీసుకోండి. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి వడికే ఆ నూలు వంద కౌంటు దాకా పోతుంది; కౌంటు ఎంత ఎక్కువైతే నూలు అంత సన్నం. నూలు సన్నదనంలో మనకు అంతకన్నా గర్వించదగిన పేరు దొరకదు. ఆ గుడ్డను ఆరో వంతు బొమ్మకు కట్టి, బొమ్మను మనిషంత చేసి ఊహిస్తే పోగు ఆరు రెట్లు లావవుతుంది. కౌంటు పోగు మందం వర్గానికి విలోమంగా నడుస్తుంది కనుక వందను 36తో భాగించాలి. మూడు కూడా రాదు. అది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే లావు నూలు వరస. మనిషి ఒంటి మీద మబ్బులా తేలే పొందూరు పంచె బొమ్మ ఒంటి మీద జంపఖానా చుట్టినట్టుంటుందన్నమాట. అంచు మడిచి కుడితే మూడు పొరలు. అది ఒక మిల్లీమీటరు ఉన్నా, కంటికి ఆరు మిల్లీమీటర్ల తాడు అంచుకు కుట్టినట్టే కనిపిస్తుంది. మన లంబాడీ బొమ్మ సంగతి ఇంకా కష్టం. రూపాయి బిళ్ళంత అద్దం నాలుగు మిల్లీమీటర్ల లోపు చుక్కవుతుంది. దాని చుట్టూ బిగించే కుట్టుదారం మాత్రం అదే లావు. నాలుగు కుట్లు పడేసరికి అద్దమే కనపడదు.

ఇంత గోడ ఉంటే నమూనా బొమ్మ బట్టలు అంత అందంగా ఎలా ఉంటున్నాయి? నమూనా ఒక్కటే బొమ్మ, దాన్ని ఒక్క భంగిమలో నిలబెడతారు, ఒక్క వైపు నుంచి ఫోటో తీస్తారు. చేయి తిరిగిన టైలర్ ఒకరు దానికి రోజుల తరబడి కూర్చుని కుట్టగలరు. అంచు మడవకుండా జిగురుతో పోగులు చెదరకుండా ఆపుతారు. గుడ్డను తడిపి, మడతలు చేత్తో పెట్టి, పల్చని జిగురుతో అలాగే ఆరనిస్తారు. అంచు లోపల సన్న తీగ దాచి పైటను గాలికి ఎగిరినట్టు వంచుతారు. తోలును వెనకవైపు చెక్కి చెక్కి కాగితంలా చేస్తారు. అక్కడ గుడ్డ తన బరువుకు వంగలేదు, చెయ్యి వంచింది. అది కళే, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బొమ్మ చెయ్యి ఎత్తితే జిగురు పెట్టిన మడత పగులుతుంది, మోకాలు వంచితే కుట్టు విడుతుంది. కొనుక్కున్నవాళ్ళు మాత్రం బొమ్మను కదుపుతారు. ముప్పై చోట్ల కీళ్ళున్న బొమ్మను కదపడానికే కొంటారు. కదలాలంటే గుడ్డకు వదులు కావాలి, సాగే గుణం కావాలి, మడిచి కుట్టిన గట్టి అంచు కావాలి. వదులు ఇస్తే బొమ్మ లావుగా కనిపిస్తుంది, అంచు మడిస్తే తాడులా కనిపిస్తుంది. వేల బొమ్మలు ఒకేలా రావాలంటే ఒక్కో బొమ్మకు ఒక్కో చేతివాటం పనికిరాదు.

ఇంతకన్నా తక్కువ మందికి తెలిసిన చిక్కు ఒకటి ఒంటి పదార్థంలో ఉంది. నమూనా బొమ్మను సాధారణంగా గట్టి రెజిన్‌తో పోస్తారు. అమ్మే బొమ్మలో తరచుగా మెత్తని పీవీసీ భాగాలుంటాయి. పీవీసీని మెత్తబరచడానికి అందులో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. పాలిస్టర్ గుడ్డకు వేసే రంగులు నీటిలో సరిగా కరగవు గాని ఈ నూనెల్లోకి సులువుగా పాకుతాయి. అందువల్ల నెలల తరబడి బొమ్మకు ఆనుకుని ఉన్న నల్లటి, ఎర్రటి గుడ్డ దాని చర్మం మీద మరక వేస్తుంది, తుడిస్తే పోదు. అదే గుడ్డ గట్టి రెజిన్ నమూనా మీద అంత సులువుగా అంటుకోదు. నమూనాకు వాడిన ముదురు ఎరుపు గుడ్డను ఫ్యాక్టరీ మార్చేసిందంటే రంగు దిగని గుడ్డ కోసం మార్చి ఉండవచ్చు. అలాంటి మార్పును నాసిరకం అని కొట్టేయడం సరికాదు.

రెక్సిన్ విషయంలో మాత్రం నేను కంపెనీల పక్షాన మాట్లాడలేను. అసలు తోలు మీది రంధ్రాలు, గరుకు చిన్న బొమ్మ మీద మరీ పెద్దవిగా కనిపిస్తాయి కనుక నునుపైన పాలియూరితేన్ పూత వేసిన గుడ్డ వాడతారు. కంటికి అది బాగానే ఉంటుంది. కానీ ఆ పూతల్లో చవకైన రకం గాలిలోని తేమతో కొంచెం కొంచెంగా తెగిపోతుంది. వేడి ఆ పనిని తొందర చేస్తుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే, వానాకాలం గోడలు చెమ్మగిల్లే మన ప్రాంతంలో కొన్నేళ్ళకే జాకెట్టు పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. పెట్టె తెరవకుండా దాచినా ఆగదు, పెట్టెలో ఉన్న తేమ చాలు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, ఎండ తగలని చల్లని అలమారాలో పెడితే ఆలస్యమవుతుందంతే. పాత్ర పేరు చెప్పి వేల రూపాయలు తీసుకున్నప్పుడు దాని మీది పూత ఎన్నాళ్ళుంటుందో చెప్పడం తయారుదారు బాధ్యత. నమూనాను అసలు తోలుతో చూపించి, పెట్టెలో రాలిపోయే పూతను పంపడానికి భౌతికశాస్త్రం సాకు కాదు.

ఇదంతా చివరికి ఖర్చు లెక్కే కదా అన్న అభ్యంతరానికి వద్దాం. చరిత్ర చూస్తే ఖర్చూ కొలతా ఒకదానికొకటి చుట్టుకుని కనిపిస్తాయి. అమెరికాలో హాస్‌బ్రో 1964లో జి.ఐ. జో సైనికుణ్ణి పన్నెండంగుళాల బొమ్మగా, గుడ్డ యూనిఫాంతో తెచ్చింది. 1982లో అదే పేరుతో మూడు ముప్పావు అంగుళాల బొమ్మలు వచ్చినప్పుడు యూనిఫాం ప్లాస్టిక్ ఒంటిలోనే అచ్చయి వచ్చింది. ప్లాస్టిక్ ధర కూడా బొమ్మలు చిన్నవి కావడానికి ఒక కారణం, నిజమే. కానీ మూడు ముప్పావు అంగుళాలంటే సుమారు పద్దెనిమిదో వంతు, ఆ బొమ్మకు గుడ్డ కావాలంటే దాదాపు 76 రెట్లు పల్చబడాలి. ఆ కొలతలో ఎంత డబ్బు పెట్టినా సైనికుడి చొక్కా చొక్కాలా ఉండదు. కెన్నర్ కంపెనీ 1978 నాటి స్టార్ వార్స్ బొమ్మల్లో జావా అనే చిన్న పాత్రకు మొదట వినైల్ అంగీ తొడిగి, తర్వాత గుడ్డ అంగీకి మార్చింది. అంత చిన్న కొలతలోనూ గుడ్డ కుదిరిన ఉదాహరణ ఇది. జావా వేసుకునేది తల నుంచి పాదాల దాకా మూటలాంటి ముసుగు అంగీ. దానికి నడుము లేదు, కుచ్చెళ్ళు లేవు. బిరుసుగా నిలబడ్డా తప్పు తెలియదు. అదే బొమ్మకు చీర కట్టి ఉంటే కుదిరేది కాదు. ఇక కొలత పూర్తిగా ఒకటికి ఒకటి ఉన్నప్పుడు ఏమవుతుందో మైనపు బొమ్మలు చూపిస్తాయి. 2017లో బ్యాంకాక్ మేడమ్ టుస్సాడ్స్‌లో పెట్టిన బాహుబలి వేషంలోని ప్రభాస్ బొమ్మకైనా, 2024లో దుబాయిలో పెట్టిన అల్లు అర్జున్ బొమ్మకైనా మనిషి వేసుకోగల బట్టలే తొడిగారు. వాటి విషయంలో గుడ్డ మీద ఈ ఫిర్యాదు పుట్టే అవకాశమే లేదు. ఖర్చు మాటకొస్తే, బొమ్మ చిన్నదయ్యే కొద్దీ కుట్టుకూలి తగ్గదు, పెరుగుతుంది. రవిక కుట్టే చెయ్యి ఆరో వంతు రవికకు ఎక్కువ సేపు పెట్టాలి.

మరి కొయ్యబొమ్మలాటలో బొమ్మలకు అసలు గుడ్డే కడతారు కదా? పాత వరంగల్ జిల్లా అమ్మాపురం కళాకారుల బొమ్మలు గుడ్డ కట్టుకునే ఆడతాయి, చక్కగా ఆడతాయి. అవి అరచేతిలో పట్టే బొమ్మలు కావు. ప్రేక్షకుడు గజాల దూరంలో, రాత్రి దీపాల వెలుగులో చూస్తాడు. బొమ్మ ఎగురుతూ తిరుగుతూ ఉంటే గుడ్డ కదలిక కనిపిస్తుంది గాని దాని పోగులు కనిపించవు. గాజు అలమారాలో కదలకుండా, జానెడు దూరం నుంచి చూడబోయే బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. అలాంటి దగ్గరి చూపు కోసం బొమ్మలు చేసినవాళ్ళు మన దగ్గర వేరే దారి పట్టారు. జనగామకు పొరుగున, 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ కళాకారుల బొమ్మలు చూడండి. తేలిక కర్ర, రంపపు పొట్టు, చింతగింజల జిగురు, సుద్ద, పైన రంగు. చీర అంచు, పంచె మడత, తలపాగా చుట్టు అన్నీ ముద్దలోనూ కుంచెలోనూ పుడతాయి. తెల్ల పొనికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మదీ అదే దారి. మడత ఎంత సన్నగా ఉండాలో అక్కడ గుడ్డ నిర్ణయించదు, కళాకారుడు నిర్ణయిస్తాడు. కాబట్టి నాలుగంగుళాల బొమ్మ మీద కూడా కుచ్చెళ్ళు కుచ్చెళ్ళ కొలతలోనే ఉంటాయి. తోలుబొమ్మల వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి నగలను, అంచులను చిల్లులుగా కొట్టి వాటిలోంచి వెలుగు పంపారు. అసలు పదార్థం పెట్టలేదని వీళ్ళెవరినీ ఎవరూ తప్పుపట్టలేదు.

అచ్చు పోసిన బట్టలను, రంగువేసిన అంచులను మోసంగా చూసే సేకరణదారులతో నా విభేదం ఇక్కడే. అసలు గుడ్డ ఉంటేనే అసలు బొమ్మ అన్న పట్టింపు తయారుదారులను అసాధ్యమైన నమూనాల వైపు నెడుతోంది. చెప్పిన మాట నిలబెట్టుకోలేని బొమ్మను అదే పుట్టిస్తోంది. గుడ్డ తాకితే తెలిసే సుఖం ప్లాస్టిక్‌లో లేదన్నది ఒప్పుకోవాల్సిందే, ఆ లోటుకు బదులు లేదు. అందుకే దుస్తు మొత్తాన్ని ఒకే పదార్థంతో తేల్చనక్కర్లేదు. వదులుగా వేలాడేది పట్టులో, బిగువుగా ఉండేది అచ్చులో, తోలులా కనిపించాల్సింది మైక్రోఫైబర్‌లో చేసి, ఏది ఏమిటో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయవచ్చు. నమూనాలో తీగ, జిగురు వాడితే ఫోటో కిందే చెప్పవచ్చు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. ఈ నియమం భద్రత గురించే. పెద్దల సేకరణ బొమ్మల పదార్థాల మీద నిజం చెప్పించే పని కొనేవాళ్ళు అడిగితే తప్ప జరగదు.

లంబాడీ బొమ్మ విషయానికొస్తే నేనైతే ఆరో వంతు కొలతనే వదిలేస్తాను. మూడో వంతుకు పెంచితే బొమ్మ అరమీటరు దాటుతుంది. గుడ్డ పల్చబడాల్సిన లెక్క పదిహేను రెట్ల నుంచి అయిదు రెట్లకు పడిపోతుంది. అయిదు రెట్లు కూడా పూర్తిగా అందేది కాదు. కానీ పేట్యా పుట్టుకతోనే అతుకులతో, కుట్టుతో బరువుగా, బిరుసుగా ఉండే దుస్తు. కాస్త బిరుసు మిగిలినా దానికి ఎబ్బెట్టు కాదు. అద్దం ఏడు మిల్లీమీటర్లుంటుంది, ఒంటి పోగుతో చుట్టూ బిగించడం చేతికి అందే పని. టుక్రికి పల్చని పట్టు వాడవచ్చు. గవ్వలను మాత్రం పోతపోయాలి, అంత చిన్నవి ఏరి తెచ్చి వరస కట్టడం జరిగే పని కాదు. ఆ కుట్టు తెలిసిన చేతులు తండాల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళు వేసే కుట్టు నమూనా బొమ్మ మీదా, అమ్మే బొమ్మ మీదా ఒకే కుట్టవుతుంది.